ఫ్రాన్సెస్ పెర్కిన్సు: కార్మికుని ప్రాణము, యజమానుని పద్దు

కర్మాగారముల యజమానులు తరచుగ చెప్పుకొను కష్టములలో నష్టపరిహారపు భారమొకటి. పనిలో చేయి తెగినవానికిని, కన్ను పోయినవానికిని, ప్రాణము కోల్పోయినవాని భార్యాబిడ్డలకును చట్టప్రకారము సొమ్ము చెల్లింపవలయును. ఆ చెల్లింపునకై భీమా కంపెనీలకు ఏటేట ప్రీమియము కట్టవలయును. ఈ వ్యయమును తగ్గించుకొనుటకు రెండు మార్గములు గలవు. గాయపడినవానికి రావలసినదానిని కుదించుట యొకటి. గాయమే తగులకుండ చూచుట రెండవది. మొదటిది సులభముగను, రెండవది ఖర్చుతో కూడినదిగను పైకి కానవచ్చును. కొన్నియేండ్ల పద్దులను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి మాత్రము రెండవదియే చౌక యని తేలును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యను మన సామెతలోని యర్థశాస్త్రమిదియే. ఈ చిన్న సత్యమును అమెరికా సంయుక్త రాష్ట్రముల శాసనములలోనికి ఎక్కించుటకై జీవితమును ధారపోసిన వనిత ఫ్రాన్సెస్ పెర్కిన్సు. ఆ దేశపు మంత్రివర్గమున స్థానము పొందిన మొదటి స్త్రీయని లోకము ఆమెను ఎరుగును. ఆ స్థానమునకు ఆమెను గొనిపోయిన పని యెట్టిదో అంతగ నెరుగదు.

పెర్కిన్సు 1880వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. ఆమె పూర్వులు మెయిను రాష్ట్రమువారు. తండ్రి మసాచుసెట్సు రాష్ట్రములోని వూస్టరు పట్టణమున కాగితములు, కలములు మొదలగు వ్రాతసామగ్రి యమ్ము వ్యాపారము చేయుచుండెను. మనుజుడు పేదవాడగుటకు సోమరితనమో త్రాగుడో కారణమై యుండునను నమ్మకము ఆనాటి మర్యాదస్థుల గృహములందు ప్రబలి యుండెను. ఆమెయు ఆ నమ్మకము నడుమనే పెరిగెను. మౌంటు హోలియోకు కళాశాలలో రసాయన, భౌతిక శాస్త్రములు చదువుచుండగా, ఆర్థిక చరిత్ర బోధించు అధ్యాపకురాలొకరు విద్యార్థినులను సమీపమందలి మిల్లులకు పంపి, అచ్చటి పనివారి స్థితిని కన్నులార చూచి రావలసినదని నియోగించెను. అచ్చట పెర్కిన్సునకు కనుపించినది సోమరితనము గాదు. తెల్లవారినది మొదలు పొద్దుక్రుంకువరకు కష్టించి, త్రాగుడెరుగక, పొదుపుగ సంసారము నడపుకొనువాడు సైతము యంత్రపుపట్టాలో చేయి చిక్కుకొన్న దినమున సకుటుంబముగ దరిద్రుడగుచుండెను. 1902లో ఆమె పట్టము పుచ్చుకొనునప్పటికి ఆ పాత నమ్మకము పోయినది. అది తిరిగి రాలేదు.

పిదప కొంతకాలము షికాగో సమీపమున ఉపాధ్యాయినిగ నుండి, తీరికవేళల జేను ఆడమ్సు నడపిన హల్ హౌసునందు పేదల సేవ నేర్చుకొనెను. ఫిలడెల్ఫియాలో పనిచేయుచు అర్థశాస్త్రము నభ్యసించెను. 1910లో న్యూయార్కు నగరములోని కొలంబియా విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టము పొందెను. ఆ సంవత్సరమే న్యూయార్కు వినియోగదారుల సంఘమునకు కార్యదర్శినియై, ఫ్లారెన్సు కెల్లీ యను ధీరురాలి శిక్షణలో, రొట్టెల బట్టీలను, బట్టలుకుట్టు కార్ఖానాలను, అగ్నిభయము గల మేడలను స్వయముగ తనిఖీ చేయసాగెను.

ఆ కాలమున పనిలో గాయపడిన కార్మికునికి న్యాయస్థానమున ఎట్టి గతి పట్టుచుండెనో తెలిసికొననిదే ఆమె చేసిన పని బోధపడదు. ఇంగ్లండునుండి సంక్రమించిన న్యాయసంప్రదాయము ప్రకారము, యజమానుని తప్పును కార్మికుడే ఋజువు చేయవలసియుండెను. ఆ యజమానునికి రక్షగ మూడు గోడలుండెను. పనిలోని యపాయమునెరిగియే కార్మికుడు చేరెను గాన ఆ యపాయమును వాడే భరింపవలెననుట మొదటి గోడ. తోడిపనివాని పొరపాటున గాయము తగిలినచో యజమానునికి బాధ్యత లేదనుట రెండవది. గాయపడినవానియందే లేశమాత్రము అజాగ్రత్తయున్నను దావా చెల్లదనుట మూడవది. ఈ మూడు గోడలను దాటి పరిహారము పొందినవారు అరుదు. ఎప్పుడైన ఒకడు దాటినచో, తీర్పరులు జాలిపడి పెద్దమొత్తము విధించుటయు గలదు. కావున యజమానునికి నష్టపరిహారము ఒక జూదము వంటిది. పలుమారులు ఏమియు నియ్యనక్కరలేదు, ఒకమారు మిక్కిలి యియ్యవలసివచ్చును. జూదమున ఓటమి యెప్పుడో తెలియనివాడు దానికై ముందుగ ఖర్చు పెట్టడు. యంత్రమునకు రక్షణకంచె కట్టించుట వలన లాభమేమో అతని పద్దులలో కనుపింపలేదు. రక్షణ లోపించుటకు యజమానుల కఠినహృదయమొక్కటే కారణము గాదు. చట్టమే ప్రాణమునకు వెల కట్టకుండెను.

జర్మనీ 1884లోను, ఇంగ్లండు 1897లోను ఈ సంప్రదాయమును మార్చి, తప్పెవరిదను విచారణ లేకుండ నియమితమైన పరిహారమిచ్చు చట్టములు చేసినవి. న్యూయార్కు రాష్ట్రము 1910లో అట్టి చట్టమునే చేసెను. తప్పు లేని యజమానుని సొమ్ము తీసికొనుట రాజ్యాంగవిరుద్ధమని ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1911 మార్చి 24వ తేదీన దానిని కొట్టివేసెను. ఆ మరునాడు శనివారము.

మార్చి 25వ తేదీ సాయంకాలము పెర్కిన్సు వాషింగ్టను స్క్వేరులో ఒక స్నేహితురాలి యింట తేనీటి విందునకు పోయియుండెను. వీధిలో అగ్నిమాపక బండ్ల గంటలు వినవచ్చెను. ఆమె పరుగున పోయి చూచునప్పటికి, దాపుననే యున్న పదియంతస్తుల మేడయొక్క పై మూడంతస్తులు మండుచుండెను. అది స్త్రీలు తొడుగు రవికలు కుట్టు ట్రయాంగిలు కంపెనీవారి కర్మాగారము. పనివారిలో అధికసంఖ్యాకులు యూరపునుండి వలస వచ్చిన యూదుల, ఇటలీవారల ఆడపిల్లలు. దొంగతనము జరుగునను అనుమానముతో తొమ్మిదవ యంతస్తు తలుపులలో నొకదానికి తాళము వేయబడియుండెను. మేడవెనుక దిగుటకు అమర్చిన ఇనుపమెట్లు జనుల బరువునకు వంగి కూలిపోయెను. అగ్నిమాపక దళమువారి నిచ్చెనలు ఆరవ యంతస్తును మించి పోజాలకుండెను. మంటలలో కాలుటకన్న దూకుటయే మేలని యెంచి పిల్లలు కిటికీలనుండి క్రింది రాతిబాటపై పడుచుండగా పెర్కిన్సు నిలుచుండి చూచెను. అరగంట గడవకమునుపే 146 మంది మరణించిరి. మేడ మాత్రము చెక్కుచెదరలేదు. అది నేటికిని నిలిచియున్నది.

ఆ తరువాతి లెక్కలు గమనింపదగినవి. యజమానులిరువురిపై నేరము మోపబడెను. తలుపునకు తాళమున్నదని వారెరిగియుండిరనుట నిస్సందేహముగ ఋజువు కాలేదను కారణమున 1911 డిసెంబరులో విడుదలైరి. అగ్ని భీమా కంపెనీలు వారికిచ్చిన సొమ్ము, వారు ఋజువు చేయగలిగిన నష్టముకన్న సుమారు 60,000 డాలర్లు అధికమని చరిత్రకారులు లెక్కకట్టిరి. మృతుల బంధువులు వేసిన దావాలు 1914లో రాజీపడినప్పుడు ఒక్కొక్క ప్రాణమునకు ముట్టినది 75 డాలర్లు. 1913లో అదే యజమానులలో నొకరు తమ క్రొత్త కర్మాగారమున పనివేళలందు తలుపునకు తాళము వేయించి పట్టువడగా విధించిన జరిమానా 20 డాలర్లు. ప్రాణముయొక్క వెల ఇంత స్వల్పముగ నున్నచోట తలుపు తెరచియుంచుటకు ఏ పద్దు ప్రోత్సహించును? పెర్కిన్సు తన శేషజీవితమంతయు సమాధానము చెప్పబూనినది ఈ ప్రశ్నకే.

ప్రజలు ఆగ్రహించిరి. ఆ యేడు జూనులో న్యూయార్కు శాసనసభ కర్మాగారముల విచారణ సంఘమును నియమించెను. సెనేటరు రాబర్టు వాగ్నరు దాని కధ్యక్షుడు, ఆల్ఫ్రెడు స్మితు ఉపాధ్యక్షుడు. నగర పౌరులు స్థాపించిన రక్షణసంఘమునకు పెర్కిన్సు 1912లో కార్యదర్శినియై, విచారణ సంఘమువారి పరిశోధనలకు తోడ్పడెను. ఉపన్యాసములకన్న కన్నులకే నమ్మకమెక్కువ యని ఆమె కళాశాలనాడే నేర్చుకొనియుండెను. కనుక శాసనసభ్యులను తెల్లవారుజామున లేపి కర్మాగారములకు గొనిపోయెడిది. రాత్రియంతయు త్రాళ్ల కర్మాగారమున పనిచేసి సోలుచు వెలుపలికి వచ్చు స్త్రీలను స్మితునకు చూపెను. అగ్ని సమయమున తప్పించుకొను దారియని చెప్పబడు ఇరుకు రంధ్రముగుండ వాగ్నరును ప్రాకించి, అది మంచుగడ్డ కట్టిన నిచ్చెనపైకి తెరచుకొనునని, ఆ నిచ్చెన నేలను తాకకమునుపే ముగియునని అనుభవమున తెలిపెను. ఆ సంఘము చేసిన సిఫారసుల ఫలితముగ కొద్దియేండ్లలో 30కి పైగా శాసనములు వెలువడెను. తలుపులకు పనివేళల తాళము కూడదు. అవి వెలుపలివైపునకు తెరచుకొనవలయును. ఒక్కొక్క యంతస్తున ఇందరికన్న ఎక్కువమంది పనిచేయరాదు. అగ్నిసమయమున బయటపడుటను పనివారికి ముందుగనే అభ్యాసము చేయింపవలయును. ఎత్తైన కర్మాగారములలో వేడి సోకగనే తమంత తామే నీరు చిమ్ము గొట్టములను పైకప్పున అమర్పవలయును.

ఈ నీటిగొట్టముల చరిత్ర ప్రత్యేకముగ చెప్పదగినది. అవి 1911 నాటికి క్రొత్తవి కావు. న్యూ ఇంగ్లండు ప్రాంతపు నూలుమిల్లుల యజమానులు అంతకు కొన్ని దశాబ్దములకు మునుపే తమలో తాము పరస్పర భీమా సంఘములు స్థాపించుకొని, గొట్టములమర్చిన మిల్లులకే భీమా నిచ్చుచు, ప్రీమియమును మిక్కిలి తగ్గించుకొనిరి. అగ్ని తగులనిచోట చెల్లింపు లేదు. చెల్లింపు లేనిచోట ప్రీమియము లేదు. న్యూయార్కు నగరమున భీమా దళారులు ప్రీమియముపై కమీషను పొందుచుండిరి గాన, ప్రీమియము పెరిగినకొలది వారికి లాభము. ఒకే పనిముట్టు, ఒకే అగ్ని; పద్దు వ్రాయు పద్ధతి భిన్నమగుటచే ఒకచోట ప్రాణములు దక్కినవి, మరియొకచోట పోయినవి.

కార్మికుల నష్టపరిహార విషయమునను ఈ సూత్రమే వర్తించును. 1913లో న్యూయార్కు ప్రజలు తమ రాజ్యాంగమును సవరించుకొనిరి. క్రొత్త చట్టము 1914 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. 1917లో దేశపు సుప్రీము కోర్టు దానిని సమర్థించెను. ఇంతటితో జూదము ముగిసెను. గాయపడిన ప్రతివానికిని నియమిత పరిహారము తప్పదు; యజమానుడు పరిహారమునకై భీమా చేయక తప్పదు. ఏ కర్మాగారమున ప్రమాదములు హెచ్చో దానికి ప్రీమియము హెచ్చగునట్లును, ఎచ్చట తక్కువో అచ్చట తగ్గునట్లును భీమావారు రేట్లు నిర్ణయింపసాగిరి. అంతకుమునుపు పుణ్యకార్యముగ మాత్రమే కనుపించిన రక్షణకంచె ఇప్పుడు ఆదాయమిచ్చు పెట్టుబడియైనది. పైగా, చట్టము విధించు పరిహారమే ప్రమాదపు ఖర్చంతయు గాదు. నిలిచిపోయిన యంత్రము, చెడిన సరకు, నేర్పరియైన పనివాని స్థానమున క్రొత్తవానికి పని నేర్పుటకు పట్టు కాలము, తోడివారి భయము, ఇవన్నియు యజమానుని జేబునుండియే పోవును. నష్టపరిహారపు భీమా వీనిని భరింపదు.

1919లో గవర్నరు పదవికి వచ్చిన స్మితు పెర్కిన్సును రాష్ట్ర పారిశ్రామిక సంఘమున సభ్యురాలిగ నియమించెను. కర్మాగారముల తనిఖీ, నష్టపరిహారపు చెల్లింపు, రెండును ఆ సంఘము క్రిందివే. స్మితు ఓడిపోయిన రెండేండ్లు మినహా, ఆ రాష్ట్రపు సేవలోనే ఉండి, 1926లో ఆమె పారిశ్రామిక బోర్డునకు అధ్యక్షురాలయ్యెను. పరిహారపు వివాదములు విచారించునదియు, యంత్రముల రక్షణకు నియమములు వ్రాయునదియు ఆ బోర్డే. ఈ ఏర్పాటునందలి విశేషము పాఠకులు గుర్తింపవలెను. ఉదయమున వ్రేళ్లు తెగిన రంపపు మిల్లు కూలివాని దావా వినిన వ్యక్తియే, మధ్యాహ్నమున రంపమునకు తొడుగెట్లుండవలెనో నిర్ణయించును. పరిహారపు కాగితములు కేవలము ఖర్చుచీటీలు గాక, ఏ యంత్రము ఎవరిని ఎట్లు గాయపరచుచున్నదో తెలుపు సాక్ష్యములైనవి. 1929లో గవర్నరు ఫ్రాంక్లిను రూజ్వెల్టు ఆమెను ఆ రాష్ట్రపు కార్మికశాఖకే అధిపతినిగ చేసెను.

ఇందొక చిక్కు లేకపోలేదు. దానిని దాచుట న్యాయము గాదు. ప్రీమియమును తగ్గించుకొనవలెనను కోరిక యజమానుని రెండు దారులలో దేనికైన నడపవచ్చును. ప్రమాదములను తగ్గింపవచ్చును, ప్రమాదముల లెక్కనైన తగ్గింపవచ్చును. గాయమును పుస్తకమునకెక్కింపకుండుట, కంపెనీ వైద్యునిచే స్వల్పగాయమని వ్రాయించుట, ప్రతి దావాను ఏండ్ల తరబడి సాగదీయుట, పరిహారమడిగినవానిని పనినుండి తొలగించుట ఈ రెండవ దారి. పద్దులో రెండును ఒక్కరీతిగనే కానవచ్చును. కావుననే పెర్కిన్సు ధనాశనొక్కదానినే నమ్ముకొనలేదు. భీమా రేటుతోపాటు ఇనస్పెక్టరుండవలెను. ఇనస్పెక్టరునకు శిక్షణ యుండవలెను. కార్మికునికి భయము లేకుండ నోరు విప్పు హక్కుండవలెను. ఈ మూడును లేనిచోట చౌకయైన పరిహారము కార్మికుని మూగతనమునకు గుర్తే గాని క్షేమమునకు గుర్తు గాదు.

1933 మార్చిలో రూజ్వెల్టు దేశాధ్యక్షుడై ఆమెను కార్మికమంత్రిణిగ పిలిచెను. పదవి నంగీకరింపకమునుపే ఆమె తాను చేయదలచిన పనుల పట్టికను ఆయన యెదుట నుంచెను. కనీస వేతనము, పనిగంటల పరిమితి, బాలకార్మికుల నిషేధము, నిరుద్యోగ భీమా, వృద్ధాప్య భృతి, కార్మికుల నష్టపరిహారము అందుండెను. ఆయన సమ్మతించిన పిదపనే ఆమె సమ్మతించెను. 1935 నాటి సామాజిక భద్రతా చట్టము, 1938 నాటి వేతనముల, పనిగంటల చట్టము ఆ పట్టికనుండి పుట్టినవే. నష్టపరిహారము రాష్ట్రముల యధికారమునకు లోబడినది గాన దానిని కేంద్రమునుండి శాసించుటకు వీలు లేకుండెను. 1933 నాటికి నాలుగు దక్షిణ రాష్ట్రములలో అట్టి చట్టమే లేదు. ఆమె 1934లో కార్మిక ప్రమాణముల శాఖ నొకదానిని నెలకొల్పి, రాష్ట్రముల ఇనస్పెక్టర్లకు శిక్షణ నిప్పించుచు, శాసనముల రచనకు తోడ్పడుచు వచ్చెను. ఫ్లారిడా, దక్షిణ కరొలినా 1935లోను, ఆర్కెన్సా 1939లోను, కట్టకడపట మిసిసిపి 1948లోను పరిహార చట్టములు చేసినవి. 10,000 డాలర్లు మించిన ప్రభుత్వపు కంట్రాక్టులు పొందు కర్మాగారములు ఆరోగ్యరక్షణ నియమములను పాటింపవలెనని 1936లో వాల్షు హీలీ చట్టము విధించెను.

ఆ యేడే ఒక ఘోరము దేశమునకు వెల్లడియయ్యెను. పశ్చిమ వర్జీనియాలో గాలీ బ్రిడ్జి గ్రామసమీపమున 1930, 1931 సంవత్సరములలో ఒక కొండను తొలిచి జలవిద్యుత్తునకై సొరంగము నిర్మించిరి. ఆ రాయి దాదాపు కేవలము సిలికా. డ్రిల్లు పెట్టునప్పుడు నీరు చల్లినచో ధూళి అణగును. త్వరగ ముగింపవలెనని నీరు లేకయే తొలిచిరి. ముక్కులకు ముసుగులైన నియ్యలేదు. ఆ ధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడి వందలకొలది కూలీలు మరణించిరి. వారిలో అధికులు దక్షిణమునుండి వచ్చిన నల్లజాతివారు. నాటి చట్టములలో పెక్కింటికి హఠాత్తుగ తగిలిన దెబ్బయే ప్రమాదము. మెల్లగ చంపు ధూళి ప్రమాదము గాదు. పెర్కిన్సు 1936లో వైద్యులను, యజమానులను, కార్మికనాయకులను, భీమావారిని పిలిచి సిలికోసిసు వ్యాధిపై జాతీయసభను సమావేశపరచెను. ధూళి నడచుటకు వలయు ఉపాయములను, ఆ రోగమునకు పరిహారమిచ్చు పద్ధతులను ఆ సభ పరిశీలించెను. నీరు చల్లుటకగు ఖర్చెంత, అన్ని సంసారముల వినాశమునకగు ఖర్చెంత యని పోల్చుటకు గొప్ప గణితము పనిలేదు.

ఆమె జీవితము సుఖప్రదమైనది గాదు. భర్త పాల్ విల్సను మనోవ్యాధికి లోనగుటచే సంసారభారమంతయు ఆమెపైనే పడెను. రేవుకార్మికుల నాయకుడొకనిని దేశమునుండి వెళ్లగొట్టలేదను నెపమున 1939లో ఆమెను పదవీభ్రష్టురాలిని చేయుటకు ప్రతినిధి సభలో తీర్మానము తెచ్చిరి. దానికి ఆధారము లేదని సభాసంఘము త్రోసివేసెను. నిందలకు బదులు చెప్పుటయందు కాలము వ్యయపరచక 1945 జూను వరకు, అనగా 12 సంవత్సరములకు పైగా, ఆమె మంత్రిణిగ నుండెను. ఆ శాఖను అంతకాలము నడపినవారు వేరొకరు లేరు. కడపటి యేండ్లు కార్నెలు విశ్వవిద్యాలయమున బోధించుచు గడపి, 1965 మే 14వ తేదీన 85వ యేట న్యూయార్కున మరణించెను. ఆమె కోరిన దేశవ్యాప్తమగు వృత్తిరక్షణ చట్టము 1970లో వచ్చెను. వాషింగ్టనులోని కార్మికశాఖ భవనమునకు 1980లో ఆమె పేరు పెట్టిరి. మెయినులోని ఆమె పూర్వుల నివాసము 2024 డిసెంబరులో జాతీయ స్మారకమయ్యెను.

ఇంగ్లండు న్యాయసంప్రదాయపు మూడు గోడలు ఆంగ్ల ప్రభుత్వముతోపాటు మన దేశమునకును వచ్చినవే. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము వానిలో ద్వారము తెరచెను. 1938 నాటి యజమానుల బాధ్యతా చట్టము తోడిపనివాని తప్పను వాదమును తొలగించెను. 1948లో ఫ్యాక్టరీల చట్టమును, ఉద్యోగుల రాజ్య భీమా చట్టమును ఏర్పడినవి. చట్టములకు మనకు కొరతలేదు. అయినను 2024 ఆగస్టు 21వ తేదీన అచ్యుతాపురమున ఔషధ కర్మాగారమున 17 మంది, 2025 జూను 30వ తేదీన పాశమైలారమున మరియొక ఔషధ కర్మాగారమున 40 మందికి పైగా మరణించిరి. రెండుచోట్లను పరిహారపు మొత్తములు వెనువెంటనే ప్రకటింపబడినవి. ఆ మొత్తములు పెద్దవగుట న్యాయమే. 75 డాలర్ల కాలము మరల రారాదు. కాని ప్రకటించినవారును, విన్నవారును ఆ సొమ్ముతో బాధ్యత తీరినదని యెంచినచో, చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొని తృప్తిపడుటయే యగును.

మన పట్టణములలో బియ్యపు మిల్లులు, నూనె మిల్లులు, జిన్నింగు ఫ్యాక్టరీలు, టపాకాయల కొట్లు గలవారును, పెద్ద కంపెనీలలో వాటాలు గలవారును ఈ పత్రిక చదువరులలో పెక్కురు గలరు. వారు లాభనష్టముల పట్టికతోపాటు ప్రమాదముల పుస్తకమును తెప్పించి చూడవలెను. అందు ఏ గాయమును లేనిచో, గాయములు లేవా, వ్రాయుటయే లేదా యని పనివారినే అడుగవలెను. ఏ యంత్రమునొద్ద రెండుమారులు గాయమైనదో దానికి మూడవమారు కాకమునుపే కంచె కట్టింపవలెను. పనివేళ తలుపులకు తాళమున్నదేమో స్వయముగ పోయి త్రోసి చూడవలెను. భీమావారి ప్రీమియము తగ్గుట ఆ వెనుక దానంతటదియే జరుగును.